ఎత్తు లేపిన జిప్సీ: 65 దాటితే స్టీరింగ్ కొట్టేసుకుంటోంది, అలైన్‌మెంట్ మూడుసార్లు అయింది

ఆక్వా_కుర్రోడు (ఉండి), ఆదివారం రాత్రి 10:12
అందరికీ నమస్తే అండి. చాలా రోజులుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. నాది 2009 మారుతి జిప్సీ కింగ్. చెరువుల మీద తిరగడానికి కొన్నాను, వర్షాకాలం మా గట్ల మీదకి ఇంకే బండీ రాదు. రెండు నెలల కిందట లిఫ్ట్ చేయించా, షాకిల్స్ (కమాను పట్టీల చివర్లని ఛాసిస్‌కి తగిలించే లింకులు) ముందూ వెనకా రెండేసి అంగుళాలు పొడుగువి వేసి కమాన్లలో ఒక్కో పట్టీ ఎక్కువ పెట్టించా, టైర్లు 235/75 ఆర్ 15. చూడ్డానికి మాత్రం పెళ్ళికొడుకులా ఉంది.

మొన్న శుక్రవారం నాన్నని ఎక్కించుకుని రాజోలు బయల్దేరాను. చించినాడ బ్రిడ్జి మీద 65, 70 మధ్యలో ఉన్నా, ఒక జాయింటు మీద ఎడమ చక్రం పడిందో లేదో స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలెట్టింది. వణుకు కాదండి బాబూ, చేతుల్లోంచి లాగేసుకుంటోంది, డ్యాష్ మీదున్న నాన్న కళ్ళజోడు ఎగిరి కాళ్ళ దగ్గర పడింది, వెనకాల కొబ్బరికాయల లారీ వోడు ఒకటే హారన్. దాదాపు ఆగేదాకా అది తగ్గలేదు. నాన్న ఏమీ అనలేదు, దిగి రెయిలింగ్ పట్టుకుని కాసేపు గోదారి వంక చూసి, తిరుగు ప్రయాణం బస్సులో వచ్చేత్తానురా అన్నారు.

అలైన్‌మెంట్ రెండు చోట్ల కలిపి మూడుసార్లు చేయించాను. స్టీరింగ్ వంకరగా ఉందంటే మూడోసారి చేసినాయన స్టీరింగ్ వీల్ ఊడదీసి నిటారుగా పెట్టి బిగించేశాడు. ఇది కాక బండి ఎడమకి కూడా లాగుతోంది. ఏం చెయ్యాలో చెప్పండి, వచ్చే నెల మారేడుమిల్లి, గుడిస వెళ్దామని మా వాళ్ళంతా కూర్చున్నారు.

కొబ్బరిబొండాం (అమలాపురం), ఆదివారం రాత్రి 10:31
హెవీ డ్యూటీ స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపుని ఆపే షాక్ అబ్జార్బర్ లాంటిది) వేసెయ్ బ్రో. నాకూ ఇలాగే ఉండేది, వేశాక ఆరు నెలలు అయింది, మళ్ళీ రాలేదు.

గ్రీజుచేతులు (తాడేపల్లిగూడెం), ఆదివారం రాత్రి 11:05
డ్యాంపర్ ఇప్పుడే కొనకు బాబూ. అది దగ్గుకి నోట్లో గుడ్డ కుక్కడం లాంటిది, చప్పుడు ఆగుతుంది, జబ్బు లోపలే ఉంటుంది, డ్యాంపర్ అరిగిన రోజు ఇంకా గట్టిగా వస్తుంది. బొండాం గారూ మీరు కూడా ఒకసారి ముందు చక్రాలు జాకీ మీద లేపి చూసుకోండి, కోప్పడకండి.

ఈ జబ్బు ఎలా వస్తుందంటే, జిప్సీకి ముందు యాక్సిల్ ఒకటే కడ్డీ. రెండు చక్రాలూ కింగ్ పిన్‌ల మీద తిరుగుతాయి, రెంటినీ టై రాడ్ కలుపుతుంది. ఎక్కడన్నా కొంచెం లూజు ఉండి, చక్రాన్ని నిటారుగా ఉంచే బలం కూడా తగ్గిపోయి ఉంటే, ఒక చక్రానికి దెబ్బ తగలగానే అది రెండోదాన్ని కదుపుతుంది, అది మళ్ళీ దీన్ని, ఇక ఒకదాన్నొకటి ఊపుకుంటూ పోతాయి. స్పీడు బాగా పడిపోతే తప్ప ఆగదు. మళ్ళీ వస్తే బ్రేకు మీద నిలబడకు, యాక్సిలరేటర్ వదిలేసి నెమ్మదిగా తగ్గించు, బొటనవేళ్ళు స్టీరింగ్ చువ్వల మధ్య పెట్టకు, విరుగుతాయి.

నాకు కావాల్సింది ఆ అలైన్‌మెంట్ కాగితం. మూడుసార్లు చేసినోళ్ళు ఒక్కసారన్నా ప్రింటు ఇచ్చారా? అందులో క్యాస్టర్, అంటే యాక్సిల్ తలకాయ వెనక్కి వాలిన కోణం, ఎంత ఉందో రాయి.

పాతజీపు (నిడదవోలు), సోమవారం ఉదయం 6:20
గురువుగారు చెప్పింది కరెక్టే గానీ అంత దూరం వెళ్ళే ముందు ఒక పని చెయ్ తమ్ముడూ. చక్రం విప్పి రిమ్ము లోపలి వైపు చూడు. నల్లమట్టి గట్ల మీద తిరుగుతావు కదా, ఆ బంక రిమ్ము లోపల ఒక పక్కే పట్టి ఎండితే సిమెంటే. బయటనుంచి నీళ్ళు కొడితే పోదు. నేను ఒకసారి ఏడొందలు పెట్టి బ్యాలెన్సింగ్ చేయించి ఇంటికొచ్చాక చూస్తే మట్టి అలాగే ఉంది, మట్టితో కలిపి బ్యాలెన్స్ చేశాడు మహానుభావుడు, అది రాలిపోయాక మళ్ళీ వణుకు.

ఆక్వా_కుర్రోడు (ఉండి), సోమవారం సాయంత్రం 6:48
పాతజీపు అన్నా మీకో దండం. నాలుగు చక్రాలూ విప్పాను, ముందు కుడి దాంట్లో చేతికి అందినంత మేర గోకితే ఒక బొచ్చె నిండింది, గొడ్డలి మడమతో కొడితే పెంకులు పెంకులుగా ఊడింది, మధ్యలో ఒక నత్తగుల్ల కూడా ఉంది. కడిగి బ్యాలెన్స్ చేయించి రాత్రి తిరిగి చూశాను, 60 దగ్గర ఉండే సన్న వణుకు పూర్తిగా పోయింది. కానీ అసలు రోగం పోలేదు, 68లో ఒక ప్యాచ్ మీద మళ్ళీ కొట్టుకుంది, ఈసారి వెంటనే వదిలేశాను కాబట్టి చిన్నగా పోయింది.

కాగితం దొరికింది గురువుగారూ. క్యాస్టర్ ఎడమ 0.4, కుడి 0.6. క్యాంబర్ (చక్రం పక్కకి వాలిన కోణం) రెండూ 1 దగ్గర. టో-ఇన్ (ముందు చక్రాలు ముందు వైపు లోపలికి తిరిగిన కొలత) 3 మిల్లీమీటర్లు. కింద పెన్నుతో "ఓకే" అని రాసి ఉంది.

గ్రీజుచేతులు (తాడేపల్లిగూడెం), సోమవారం రాత్రి 8:15
దొరికాడు దొంగ. జిప్సీకి క్యాస్టర్ మూడున్నర డిగ్రీలు ఉండాలి. టో 2 నుంచి 6 మిల్లీమీటర్లలో ఉంటే చాలు, నీది బాగానే ఉంది. మిషన్ ఆయన మార్చగలిగింది టో ఒక్కటే, అది పచ్చగా చూపించింది కాబట్టి ఓకే రాసేశాడు. క్యాస్టర్ ఎర్రగా చూపించే ఉంటుంది, అడిగితే ఈ బండికి అది సెట్ అవదండి అనే ఉంటాడు. అతను అబద్ధమేం చెప్పలేదు, కంపెనీ ఇచ్చిన బోల్టు ఏదీ లేదు దానికి. క్యాంబరూ అంతే, ఒంటికడ్డీ యాక్సిల్ కాబట్టి లిఫ్ట్ చేసినా మారదు, మారిందంటే యాక్సిల్ వంగిందనో బేరింగ్ పోయిందనో అనుకోవాలి.

క్యాస్టర్ అంటే ఏంటో సైకిల్లో చూడు. ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది కదా, అందుకే చేతులు వదిలేసినా తిన్నగా పోతుంది. నీ యాక్సిల్ పైభాగం కూడా అలా వెనక్కి వాలి ఉండాలి. నువ్వేం చేశావంటే, ముందు కమానుకి షాకిల్ ముందు వైపున ఉంటుంది, వెనక కన్ను (కమాను చివరి రింగు) ఛాసిస్‌కి ఫిక్స్. షాకిల్ పొడుగు చేస్తే కమాను ముందు కన్ను కిందకి దిగింది, కమానుతో పాటు యాక్సిల్ కూడా ముందుకి ఒరిగింది. కమాను కళ్ళ మధ్య 90 సెంటీమీటర్లు అనుకో, నువ్వు 5 దించావు, మూడు డిగ్రీల పైమాటే. మూడున్నరలోంచి మూడు తీసేస్తే ఎంతో నీ కాగితంలోనే ఉంది. ఇంకో మాట, షాకిల్ రెండంగుళాలు పెంచితే బండి లేచేది ఒక్క అంగుళమే, ఎందుకంటే ఒక చివరే కదా దిగేది. ఆ ఒక్క అంగుళం కోసం ఇంత తంటా. నన్నడిగితే ముందు షాకిల్స్ పాతవే వేసుకుని ఎత్తు కమాన్లతోనే తెచ్చుకోమంటాను, కానీ మీ వయసోళ్ళు వినరు.

కోనసీమ_గట్టు (రాజోలు), సోమవారం రాత్రి 9:02
ఎడమకి లాగడం గురించి ఎవరూ మాట్లాడలేదు. మన కాలువ గట్టు రోడ్లన్నీ మధ్యలో ఎత్తుగా ఉండి అంచులకి వాలి ఉంటాయి, దానికి తోడు కాలువ వైపు అంచు కుంగిపోయి ఉంటది, ఏ బండి అయినా ఎడమకే పోద్ది. తెల్లారుఝామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్క వంద గజాలు రోడ్డుకి కుడి వైపున పోనిచ్చి చూడండి, అప్పుడు కుడికి లాగితే తప్పు రోడ్డుది. అప్పుడూ ఎడమకే పోతే ముందు రెండు టైర్లూ అటుదిటు ఇటుదటు మార్చండి, లాగుడు కూడా పక్క మారితే టైరుది. మూడొందలు ఇచ్చి మిషన్ ఎక్కించే ముందు ఉచితంగా అయిపోయే పనులండి ఇవి.

చట్టంబాబాయ్ (ఏలూరు), సోమవారం రాత్రి 9:40
అందరూ డిగ్రీలు లెక్కపెడుతున్నారు గానీ, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు చెప్పింది. రేపు ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు చూసేది ఆ టైర్లనే.

కొబ్బరిబొండాం (అమలాపురం), సోమవారం రాత్రి 9:44
వచ్చాడండి బాబాయ్, ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా 😄

జిమ్నీ_ఓనర్ (కాకినాడ), సోమవారం రాత్రి 10:20
జిమ్నీలో కూడా ఇదే కథ అండి, అక్కడ కమాన్లు కాదు కాయిల్ స్ప్రింగులు, కానీ ముందు యాక్సిల్ ఒంటికడ్డీయే, లిఫ్ట్ చేస్తే యాక్సిల్‌ని పట్టుకునే రెండు ఆర్ములూ కిందకి దిగి యాక్సిల్ ముందుకి ఒరుగుతుంది. మాకు క్యాస్టర్ సరిచేసే బుష్‌లు దొరుకుతాయి, పెద్ద గొడవ లేదు. దాంతో పాటు ప్యాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్‌ని అడ్డంగా ఛాసిస్‌కి కలిపే కడ్డీ) వల్ల యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది, అదీ చూసుకోవాలి. జిప్సీకి ఆ రాడ్ లేదు కాబట్టి మీకు ఆ బాధ లేదు. అదే ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న పికప్‌లు, కొత్త థార్ లాంటివి అయితే లెక్కే వేరు, అందులో లిఫ్ట్ చేస్తే క్యాంబర్, టో అన్నీ కదులుతాయి, ఈ థ్రెడ్‌లో చెప్పినవి వాటికి పెట్టుకోకండి.

గ్రీజుచేతులు (తాడేపల్లిగూడెం), మంగళవారం ఉదయం 5:50
ఆక్వా బాబూ, రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, స్టీరింగ్ వీల్ ఊడదీసి పెట్టాడన్నావు కదా. అది చాలా తప్పు పని. లిఫ్ట్ చేశాక స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి పోయే డ్రాగ్ లింక్ ఏటవాలు అయిపోతుంది, అడ్డంగా దాని అందుబాటు తగ్గుతుంది, అందుకే వీల్ వంకర అయింది. దాన్ని డ్రాగ్ లింక్ తిప్పి సరిచెయ్యాలి. బాక్సు లోపల సరిగ్గా మధ్యలో గేర్లు బిగుతుగా కూర్చునేలా చేస్తారు, పక్కలకి పోయేకొద్దీ లూజు ఉంటుంది. ఇప్పుడు నీ బండి తిన్నగా పోతున్నప్పుడు బాక్సు మధ్యలో లేదు, లూజు ఉన్న చోట ఉంది. హైవే మీద పడవలా అటూ ఇటూ తేలుతోందా?

ఆక్వా_కుర్రోడు (ఉండి), మంగళవారం ఉదయం 7:15
అచ్చం పడవేనండి. నేను పెద్ద టైర్ల వల్ల అనుకున్నా.

గ్రీజుచేతులు (తాడేపల్లిగూడెం), మంగళవారం ఉదయం 7:30
అయితే ఇలా చెయ్. ముందు చక్రాలు లేపి డ్రాగ్ లింక్ ఒక చివర విప్పేయ్. స్టీరింగ్ ఎడమ చివరికి తిప్పి, అక్కణ్ణుంచి కుడి చివరికి ఎన్ని రౌండ్లో లెక్కపెట్టి, సరిగ్గా సగానికి తెచ్చి ఆపు. అదీ బాక్సు మధ్య. చక్రాలు తిన్నగా పెట్టి, లింక్ పొడవు దానికి సరిపోయేలా తిప్పి బిగించు. వీల్ నిటారుగా లేకపోతే అప్పుడు ఊడదీసి పెట్టుకో, అప్పుడు తప్పు లేదు.

లింక్ విప్పి ఉండగానే కింగ్ పిన్ బేరింగ్ కూడా చూసెయ్. టై రాడ్ కూడా విప్పి, నకిల్ (చక్రంతో పాటు కింగ్ పిన్‌ల మీద తిరిగే ముక్క) చేతికి ఉన్న కన్నంలో స్ప్రింగ్ త్రాసు కొక్కెం తగిలించి లాగు, నకిల్ కదలడం మొదలయ్యేటప్పుడు త్రాసు ఎంత చూపిస్తుందో చూడు. మాన్యువల్‌లో రేంజ్ ఇచ్చారు, ఆయిల్ సీల్ లేకుండా తీసే లెక్క అది, ఫోటో పంపుతాను. వేలితో తోస్తే తిరిగిపోతోందంటే బేరింగ్ వదులైనట్టు.

ఆక్వా_కుర్రోడు (ఉండి), బుధవారం రాత్రి 9:30
స్ప్రింగ్ త్రాసు ఎక్కడ దొరుకుతుందా అని ఊరంతా అడిగాను, చివరికి మా చేపల కాటా కుర్రోడి దగ్గరే ఉంది, నల్ల కొక్కేనికి ఇంకా పొలుసులు అంటుకుని ఉన్నాయి. తెచ్చి షెడ్డులో తగిలించి లాగితే కుడి నకిల్ పర్లేదు, ఎడమది ముల్లు కదలకుండానే తిరిగిపోయింది. కింగ్ పిన్ మూత కింద షిమ్‌లు (సందు సరిచేసే రేకులు) ఉన్నాయి, పల్చటిది ఒకటి తీసి బిగిస్తే ముల్లు రేంజ్‌లోకి వచ్చింది. కుర్రోడు పక్కనే నిలబడి, అన్నా నీ బండి కిలో ఎంత అని అడిగాడు.

టై రాడ్ ఎండ్ కూడా ఒకటి అరిగింది, మా తమ్ముణ్ణి లోపల కూర్చోబెట్టి ఇంజిన్ ఆపి స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపమని కింద పడుకుని చెయ్యేసి చూస్తే టకటకమని తెలిసింది. కొత్తది వేశా. బాక్సు మధ్యకి తెచ్చాను, మూడు ముప్పావు రౌండ్లు వచ్చింది నాకు, సగం పెట్టా. పడవ తేలడం పోయింది. ఎడమ లాగుడు రోడ్డుదే, రాజోలు అన్న చెప్పినట్టు కుడి పక్కన పోతే కుడికే పోయింది. ఇక మిగిలింది క్యాస్టర్.

పాతజీపు (నిడదవోలు), బుధవారం రాత్రి 9:55
దానికి కమానుకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు ఇనప ముక్కలు పెట్టాలి, రెండు వైపులా ఒకేలాంటివి. మూడు డిగ్రీలవి లేత్ షాపులో కోయించు. అల్యూమినియంవి వద్దు, బరువుకి నలిగి పగిలిపోతాయి. సెంటర్ బోల్టు పొడుగుది కొను, లేకపోతే దాని తలకాయ యాక్సిల్ కన్నంలోకి అందదు. ముఖ్యంగా మందం ఉన్న వైపు ఏదో గుర్తు పెట్టుకో.

ఆక్వా_కుర్రోడు (ఉండి), శనివారం రాత్రి 8:40
చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. లేత్ షాపులో ముక్కలు బ్రహ్మాండంగా కోశారు. బిగించిన మెకానిక్, నేనూ ఇద్దరం పక్కనే ఉండి మందం వెనక్కి పెట్టాం. బండి తీశాను, 30లో మలుపు తిప్పితే స్టీరింగ్ వెనక్కి రాలేదు, అటే ఉండిపోయింది, నేను లాగి తెచ్చుకోవాల్సి వచ్చింది, చేపల మేత గోడౌన్ గేటుకి జానెడు దూరంలో ఆగింది. ఇంటికి ఫస్ట్ గేర్లో వచ్చాను. ఎటు పెట్టాలి గురువుగారూ, ఈసారి ఎవరూ గుర్తు పెట్టుకో అనకండి, ముందా వెనకా అని ఒక్క మాటలో చెప్పండి.

గ్రీజుచేతులు (తాడేపల్లిగూడెం), శనివారం రాత్రి 8:52
ముందు.

జిప్సీకి కమాను యాక్సిల్ కింద ఉంటుంది కాబట్టి మందం ముందుకి ఉంటే యాక్సిల్ ముందు అంచు పైకి లేచి, తలకాయ వెనక్కి వాలుతుంది. కమాను యాక్సిల్ పైన ఉండేలా మార్చిన బండ్లకి ఇది తిరగబడుతుంది, ఎవరన్నా చదివి అలాగే పెట్టేస్తారని రాస్తున్నా. నీకు మూడు తగ్గింది, తిరగేసి పెట్టి ఇంకో మూడు తగ్గించావు, మైనస్‌లోకి పోయింది. గేటు బతికింది.

ఇంకొకటి, క్యాస్టర్ పెంచినకొద్దీ డిఫరెన్షియల్ ముక్కు కిందకి చూస్తుంది, ముందు షాఫ్టు జాయింట్లకి వంపు ఎక్కువ అవుతుంది. మూడు డిగ్రీలకి ఏమీ కాదు గానీ, సరదాగా ఆరు పెట్టకు, ఫోర్ వీల్ వేసినప్పుడు కింద నుంచి గరగర మొదలవుతుంది. కమానుని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు ఒక వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించు, తప్పకుండా.

కొబ్బరిబొండాం (అమలాపురం), ఆదివారం మధ్యాహ్నం 1:10
గురువుగారి మాట విని నేను కూడా ముందు చక్రాలు లేపి చూశానండి. ఏం చెప్పమంటారు, టై రాడ్ ఎండ్లు రెండూ ఊగుతున్నాయి, డ్యాంపర్ ఒక్కటే బండిని మోస్తోంది. మా ఆవిడకి చెప్పలేదు.

ఆక్వా_కుర్రోడు (ఉండి), మంగళవారం రాత్రి 9:20
తిరగేసి పెట్టాం. మళ్ళీ అదే మిషన్ ఎక్కించాను, క్యాస్టర్ ఎడమ 3.3, కుడి 3.6. మిషన్ ఆయన స్క్రీన్ చూసి ఇదెలా మారిందండి అని రెండుసార్లు అడిగాడు, ముక్కల బొమ్మ గీసి ఇచ్చి వచ్చా. టో కొంచెం కదిలింది, 4కి పెట్టించాను.

ఈ రోజు సాయంత్రం ఒక్కణ్ణే చించినాడ బ్రిడ్జి ఎక్కాను. 60, 65, 70, అదే జాయింటు మీద కావాలనే ఎడమ చక్రం పోనిచ్చాను, డబ్ అని కొట్టి స్టీరింగ్ ఒక్కసారి అదిరి ఊరుకుంది. దిండి వైపు దిగి తిరిగి వస్తూ ఇంకో రెండుసార్లు చూశాను. ఏమీ లేదండి. చేతుల్లో చెమట మాత్రం ఉంది.

ఒక్క బాధ, స్టీరింగ్ బాగా బరువెక్కింది, పవర్ స్టీరింగ్ లేదు కదా నాకు, చెరువు గట్టు మీద రివర్స్ తిప్పాలంటే భుజాలు పీకేస్తున్నాయి. గాలి తగ్గించి ఉంది, అందువల్లా?

గ్రీజుచేతులు (తాడేపల్లిగూడెం), మంగళవారం రాత్రి 9:41
గాలీ కారణమే, వెడల్పు టైరు ఇంకో కారణం, క్యాస్టర్ కూడా. తిన్నగా పోవాలని ఉన్న చక్రాన్ని నువ్వు పక్కకి తిప్పుతున్నావు, అది ఊరుకోదు. బండి కొద్దిగా కదులుతుండగా తిప్పు, ఆగి ఉన్నప్పుడు తిప్పకు, బాక్సూ బతుకుతుంది నీ భుజమూ బతుకుతుంది. రోడ్డెక్కే ముందు మాత్రం గాలి నింపు.

పాతజీపు (నిడదవోలు), మంగళవారం రాత్రి 10:05
నాన్నగారు ఎక్కారా మరి?

ఆక్వా_కుర్రోడు (ఉండి), బుధవారం ఉదయం 6:35
చెరువుల దాకా ఎక్కుతున్నారన్నా, బ్రిడ్జి అంటే మాత్రం బస్సే. కళ్ళజోడు కూడా ఇప్పుడు జేబులోనే పెట్టుకుంటున్నారు.

కోనసీమ_గట్టు (రాజోలు), బుధవారం ఉదయం 8:10
ఆ ఏటవాలు ముక్కల కొలతలు, బొమ్మ ఇక్కడ పెట్టండి బాబూ, మా దగ్గర ఇంకో రెండు జిప్సీలు ఇదే షాకిల్స్ వేసుకుని తిరుగుతున్నాయి. మందం ఎటో బాణం గుర్తు వేసి మరీ పెట్టండి.